మెదడు పార్శ్వీకరణ – డిజిటల్ నైపుణ్యాలు: పల్నాడు విద్యార్థులు

మెదడులోని కుడి, ఎడమ అర్ధగోళాలు కొన్ని పనులను హెచ్చుతగ్గులుగా పంచుకోవడాన్ని పార్శ్వీకరణ అంటారు. మాట్లాడడం, వాక్యనిర్మాణం ఎక్కువమందిలో ఎడమవైపు సాగుతాయి. ముఖాలను గుర్తుపట్టడంలో, గొంతులోని కోపతాపాలను పసిగట్టడంలో కుడివైపుది పైచేయి. ఈ పంపకానికీ, విద్యార్థులు కంప్యూటర్ మీద చూపే నేర్పుకూ సంబంధం ఉందా అన్నది విద్యాశాస్త్ర పరిశోధకులను ఆకర్షించిన ప్రశ్న.

1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా, ‘టాన్’ అనే ఒక్క ముక్క తప్ప మరేదీ పలకలేని రోగి చనిపోయాక అతని మెదడును పరీక్షించాడు. ఎడమ ముందుభాగం దెబ్బతిని ఉంది. ఆ తర్వాత నూరేళ్లకు అమెరికాలో రోజర్ స్పెరీ, మైకేల్ గజానిగా మరో దారి పట్టారు. మూర్ఛ తగ్గడం కోసం రెండు అర్ధగోళాలను కలిపే నరాల కట్టను (కార్పస్ కెలోసమ్) కోయించుకున్నవారిని వాళ్లు పరిశీలించారు. చూపుకు ఎడమవైపున ఒక వస్తువు బొమ్మ క్షణకాలం మెరిపిస్తే, అలాంటి రోగి ఏమీ కనిపించలేదనేవాడు. అదే మనిషి తెర వెనక ఎడమచేత్తో తడిమి సరిగ్గా ఆ వస్తువునే బయటికి తీసేవాడు. బొమ్మను చూసింది కుడి అర్ధగోళం, జవాబు చెప్పింది ఎడమ అర్ధగోళం. స్పెరీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది.

చిక్కు ఇక్కడే మొదలైంది. పనులు పంచుకోవడం నిజమే గాని, మనుషులు ‘ఎడమ మెదడువాళ్లు’, ‘కుడి మెదడువాళ్లు’ అని రెండు తెగలుగా ఉండరు. 2013లో యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 7 నుంచి 29 ఏళ్ల మధ్యనున్న 1,011 మంది మెదడు స్కాన్లను చూశారు. ఒక్కొక్క పనికి ఒక్కో వైపు మొగ్గు కనిపించింది. మొత్తంగా ఒకవైపే బలంగా ఉన్న మెదళ్లున్నాయనే ఆధారం మాత్రం దొరకలేదు. మన దేశంలో ఎం.ఎడ్., పిహెచ్.డి. పరిశోధనల్లో విరివిగా వాడే ప్రశ్నావళి వెంకటరామన్ రూపొందించిన ‘సోలాట్’. అది విద్యార్థి ఇష్టాయిష్టాలను అడిగి కుడి, ఎడమ, సమగ్రం అని వర్గీకరిస్తుంది. అందులో తేలేది విద్యార్థి తన గురించి తాను చెప్పుకున్న అలవాటు మాత్రమే. దాన్ని మెదడు కొలతగా చదవడం పొరపాటు. వేలిముద్రలు తీసుకుని పిల్లవాడిది ఏ మెదడో చెబుతామంటూ తల్లిదండ్రుల దగ్గర డబ్బు గుంజే పరీక్షలు పొరపాటు కాదు, మోసం.

డిజిటల్ నైపుణ్యమంటే ఫోన్‌లో వేలు చురుగ్గా కదలడం ఒక్కటే కాదు. యూరోపియన్ కమిషన్ 2013లో తెచ్చిన ‘డిజ్‌కాంప్’ చట్రం దాన్ని ఐదు భాగాలు చేసింది: సమాచారాన్ని వెతికి తూచడం, సంభాషించడం, కొత్తవి తయారుచేయడం, భద్రత, సమస్య తీర్చడం. ఇంత భిన్నమైన పనులను మెదడులో ఒకవైపుకు కట్టేయడం కుదరదు.

ప్రోగ్రాం రాయడమే చూద్దాం. 2020లో ఒకే పత్రికలో రెండు అధ్యయనాలు వెలువడ్డాయి. కోడ్ చదివేటప్పుడు భాషాకేంద్రాలు కాక, తర్కానికీ ఏకాగ్రతకూ ఉపయోగపడే రెండువైపుల వ్యవస్థ పనిచేస్తోందని ఎంఐటీ బృందం తేల్చింది. జాన్స్ హాప్కిన్స్ బృందానికి తర్కవ్యవస్థే కనిపించింది గాని, ఎడమవైపు మొగ్గుతో. అదే ఏడు వాషింగ్టన్ విశ్వవిద్యాలయ అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది: పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను నేర్చుకునే వేగాన్ని అంచనా వేయడానికి లెక్కల ప్రావీణ్యం కంటే కొత్త భాష నేర్చుకునే సామర్థ్యం ఎక్కువగా పనికొచ్చింది.

పల్నాడుకు ఈ చివరి సంగతే ముఖ్యం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా గుంటూరు నుంచి విడివడిన ఈ జిల్లాలో, 2016లో మొదలైన కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల నరసరావుపేటలో ఉంది. మాచర్ల, గురజాల వైపు డిగ్రీ చదివేవారి పట్టాలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానివి. రాష్ట్రంలో డిగ్రీ చదువు 2021-22 నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. తెలుగు మీడియంలో పదో తరగతి దాటి వచ్చిన పిల్ల మొదటి ఏడు సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో కూర్చుంటుంది. లూపు తర్కం ఆమెకు తెలుసు, కాగితం మీద తప్పులేకుండా వేస్తుంది. చివర సెమీకోలన్ మరిచిపోతే తెర మీద ‘ఎక్స్‌పెక్టెడ్ సెమీకోలన్ బిఫోర్ రిటర్న్’ అని ఎర్రగా వస్తుంది. ఆ వాక్యం అర్థమైతే ఒక్క మీట నొక్కితే సరిపోతుంది, అర్థం కాకపోతే గంట ల్యాబ్ అయిపోతుంది. ఆ గంటను చూసి ఆమెను ‘కుడి మెదడు’ కోవలో వేస్తే అన్యాయం.

యంత్రం చేతికందడం ఇంకో పెద్ద కారణం. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో 4.4 శాతానికే కంప్యూటర్ ఉంది, పట్టణాల్లో 23.4 శాతానికి. ఇంజనీరింగ్ మొదటి ఏడు ఐటీ వర్క్‌షాప్‌లో సీపీయూ డబ్బా విప్పి ర్యామ్ ఎక్కడుందో చూపిస్తారు, ఎక్సెల్ నేర్పిస్తారు. ఊళ్లో ఫోన్ తప్ప మరేదీ ముట్టని విద్యార్థికి మౌస్ పట్టడం కూడా అక్కడే అలవాటవుతుంది. ఇద్దరు విద్యార్థుల మార్కులు పోల్చేటప్పుడు అర్ధగోళాల కంటే ముందు, ఎవరు ఎన్నేళ్లు కీబోర్డు ముందు కూర్చున్నారో అడగాలి.

పార్శ్వీకరణ పైకి స్పష్టంగా కనిపించేది చేతివాటంలో. జనాభాలో సుమారు పదిమందిలో ఒకరిది పుర్రచేతివాటం. కుడిచేతివాటంవారిలో దాదాపు 95 శాతానికి, ఎడమచేతివాటంవారిలో సుమారు 70 శాతానికి భాష ఎడమ అర్ధగోళంలోనే ఉంటుంది. కాబట్టి ఎడమచేత్తో రాసే విద్యార్థి మెదడు ‘తిరగబడింది’ అనుకోనక్కర్లేదు. పలక మీద ఎడమచేత్తో రాస్తే బెత్తం దెబ్బ తిన్న తరం మన ఇళ్లలోనే ఉంది. ల్యాబ్‌లో మాత్రం ఆ చేతికి మౌస్ మీటలను అటుదిటు మార్చుకునే వీలు విండోస్ సెట్టింగ్స్‌లోనే ఉంది. మార్చడానికి నిమిషం కూడా పట్టదు, ల్యాబ్ ఇన్‌చార్జి మొదటిరోజే చూపించవచ్చు.