స్త్రీలలో అవాంఛిత రోమాలు

స్త్రీలకు పై పెదవి, గడ్డం, ఛాతీ, పొత్తికడుపు, వీపు వంటి భాగాలలో పురుషులకు వలె నల్లని, ముతక వెంట్రుకలు పెరగడాన్ని అవాంఛిత రోమాలు లేదా హిర్సుటిజం అంటారు. ఇది స్వయంగా వ్యాధి కాదు. చాలామందిలో హార్మోన్ల అసమతుల్యతకు లక్షణం. మెత్తని నూగు ఈ కోవలోకి రాదు.

కారణాలు

ఆండ్రోజెన్లు అనే పురుష హార్మోన్లు స్త్రీలలో కూడా అండాశయాల నుండి, అధివృక్క గ్రంథుల నుండి కొద్ది మోతాదులో ఉత్పత్తి అవుతాయి. వీటి మోతాదు పెరిగినా, కుదుళ్ళు వాటికి అతిగా స్పందించినా నూగు ముతక వెంట్రుకగా మారుతుంది. ఎక్కువగా కనిపించే కారణం పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. దీనిని 1935లో షికాగో వైద్యులు స్టీన్, లెవెంథాల్ వర్ణించారు. వాడుకలో "నీటి బుడగలు" అనబడేవి నిజానికి ఎదుగుదల ఆగిన అండ పుటికలు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ఆశ్రమ కళాశాలలో 15–18 ఏళ్ళ బాలికలు 460 మందిని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 9.13 శాతం మందికి ఈ సమస్య ఉన్నట్లు తేలింది.

వంశపారంపర్యం

ఈ సిండ్రోమ్‌కు కారణం ఒకే జన్యువు కాదు. అనేక జన్యువులు, వాటితో పాటు బరువు, జీవన విధానం కలసి పనిచేస్తాయి. నెదర్లాండ్స్ కవలలపై 2006లో వెలువడిన అధ్యయనం ఇందులో వంశపారంపర్యం పాలు సుమారు 70 శాతమని అంచనా వేసింది. ఈ జన్యువులు తండ్రి వైపు నుండి కూడా రావచ్చు.

పుట్టుకతో వచ్చే అధివృక్క గ్రంథుల వ్యాధి మరొక కారణం. 6వ క్రోమోజోముపై ఉండే సి.వై.పి.21ఎ2 అనే జన్యువులో లోపం వలన ఇది కలుగుతుంది. తల్లిదండ్రులిద్దరూ లోపమున్న జన్యువును మోస్తుంటేనే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది. దీని తేలికపాటి రూపం యుక్తవయసులో అవాంఛిత రోమాలతో బయటపడుతుంది.

మేనరికాలు

బావామరదళ్ళకు ఎనిమిదింట ఒక వంతు, మేనమామ మేనకోడళ్ళకు నాలుగింట ఒక వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. అందువలన మేనరికపు వివాహాలలో ఇటువంటి లోపాలు జతపడే అవకాశం పెరుగుతుంది. హైదరాబాదులో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రకటించిన ఫలితాలలో ఈ వ్యాధి 2,575 మందిలో ఒకరికి కనిపించింది. ప్రపంచంలో సాధారణంగా 10,000 నుండి 20,000 మందిలో ఒకరికి ఉంటుంది.

నిర్ధారణ, చికిత్స

ఫెరిమాన్, గాల్వే 1961లో రూపొందించిన పద్ధతిని సవరించి, నేడు 9 శరీర భాగాలకు 0 నుండి 4 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 8 లేదా అంతకు మించితే సాధారణంగా అవాంఛిత రోమాలుగా పరిగణిస్తారు. ఆ తరువాత రక్తంలో టెస్టోస్టిరోన్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరోన్ మోతాదులు చూస్తారు. అవసరమైతే అల్ట్రాసౌండ్ పరీక్ష చేస్తారు. రోమాలు హఠాత్తుగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా కణితి ఉండవచ్చు కనుక వెంటనే వైద్యుని చూడాలి.

పసుపు, సున్నిపిండి హార్మోన్లను మార్చలేవు. గీయడం వలన వెంట్రుకలు దళసరి కావు. వైద్యుని సలహాపై వాడే హార్మోను మాత్రల ఫలితం తెలియడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. స్పైరోనోలాక్టోన్ గర్భిణులు వాడరాదు. లేజర్, ఎలక్ట్రాలిసిస్ పద్ధతులు రోమాలను తగ్గిస్తాయే గాని మూలకారణాన్ని తొలగించవు.

పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయనే భయంతో ఈ లక్షణాన్ని దాచడం వలన చికిత్స ఆలస్యమవుతుంది. పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ ఉన్నవారికి మున్ముందు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ కనుక, సకాలంలో పరీక్ష చేయించుకోవడం సౌందర్యం కంటే ఆరోగ్యం దృష్ట్యా ముఖ్యం.