సూది గుచ్చుకుందా? దాచుకోకండి, మొదటి 24 గంటలే ముఖ్యం

గల్ఫ్‌లో ఆస్పత్రి నర్సులుగా, క్లీనర్లుగా, ఇళ్లల్లో ముసలివాళ్లను చూసుకునే కేర్‌టేకర్లుగా పనిచేసే అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు ఇది తప్పక చదవాలి. వాడిన సూది గుచ్చుకోవడం ఈ పనిలో ఎవరికైనా జరగొచ్చు. చాలామంది చెయ్యి కడుక్కొని మళ్లీ పనిలో పడతారు. సూపర్‌వైజర్ తిడతాడని, కంపెనీ ఇంటికి పంపిస్తుందని భయం. నాకు ఫోన్ చేసిన ఒక చెల్లె కూడా అట్లనే దాచింది. చెత్త సంచి మూతి కడుతుంటే సూది దిగింది. నాకు చెప్పింది తొమ్మిది రోజుల తర్వాత. "అన్నా, ఇప్పుడేం చేయాలె?" అంటే నా దగ్గర మంచి జవాబు లేకపోయింది.

సూదితో వచ్చేవాటిలో ముఖ్యమైన వైరస్‌లు మూడు: హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవి. అందరికీ హెచ్‌ఐవి అంటేనే భయం. లెక్క చూస్తే వేరేగా ఉంటుంది. హెచ్‌ఐవి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే అంటుకునే అవకాశం వెయ్యిలో మూడు. అదే హెపటైటిస్ బి రోగి సూది అయితే, టీకా లేని మనిషికి వందలో 6 నుంచి 30 దాకా. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ 7 రోజులు బతికి ఉంటుంది.

కానీ మూడింటిలో టీకా ఉన్నది కూడా దీనికే. బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1960లలో ఈ వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్నారు. మన దేశంలో తయారైన టీకాను 1997లో మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. అది వచ్చాకే ధర మామూలు మనిషికి అందింది. పిల్లల టీకాల్లో దేశమంతా చేరింది మాత్రం 2011 నాటికి. అందుకే ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లున్న మనలో చాలామందికి ఆ టీకా పడలేదు.

టీకా మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీ-హెచ్‌బిఎస్ అనే రక్తపరీక్ష చేయించండి. 10 లేదా ఎక్కువ వస్తే రక్షణ ఉన్నట్టు. ఆ కాగితం పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి. ఇంకో మాట, ఏజెంట్లు చెప్పనిది. టీకా వేసుకున్నాక 18 రోజుల వరకు రక్తంలో టీకా పదార్థమే కనిపించి, గల్ఫ్ మెడికల్‌లో జబ్బు ఉన్నట్టు తప్పుడు ఫలితం రావచ్చు. అన్‌ఫిట్ ముద్ర పడితే మీ వీసా పోతుంది. కాబట్టి టీకాకు, మెడికల్‌కు మధ్య కనీసం నెల రోజులు ఉంచండి.

ఇక గుచ్చుకున్న రోజు. సబ్బు నీళ్లతో బాగా కడగండి. రక్తం రావాలని పిండొద్దు, బ్లీచింగ్ పోయొద్దు. ఎవరికి వాడిన సూదో తెలిస్తే గుర్తుపెట్టుకోండి. వెంటనే ఇంఛార్జికి చెప్పి, కాగితం మీద రిపోర్టు రాయించి, కాపీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. టీకా లేనివాళ్లకు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్, టీకా మొదటి డోసు 24 గంటల్లోపు పడితే మంచిది. 7 రోజులు దాటితే ఆ ఇంజెక్షన్ పనిచేస్తుందని చెప్పలేరు. ఆ చెల్లె ఫోన్ చేసింది తొమ్మిదో రోజు. హెచ్‌ఐవి అనుమానం ఉంటే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. హెపటైటిస్ సికి ముందు జాగ్రత్త మందు లేదు. వచ్చినా రెండు మూడు నెలల మాత్రలతో వందలో 95 మందికి పైగా నయమవుతుంది. ఊరి నుంచి పచ్చకామెర్ల పసరు పంపమని మాత్రం ఇంటికి ఫోన్ చేయకండి.

అదే రోజు మీ రక్తం కూడా పరీక్ష చేయించాలి. "నాకేం కాలేదు, ఎందుకు" అనొద్దు. ఆ రోజు నెగెటివ్, ఆరు నెలలకు పాజిటివ్ వస్తే అది పనిలో వచ్చిన జబ్బు అని చెప్పడానికి మీ చేతిలో గట్టి రుజువు అదే. సౌదీలో కంపెనీ కార్మికులకు గోసి కింద పని ప్రమాదాల బీమా ఉంది, దాని 2 శాతం యజమానే కట్టాలి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు ఈ బీమా లేదు, వాళ్లకు ఈ కాగితాలు ఇంకా ముఖ్యం.

ఫోన్‌లో డాక్టర్ సంగతి. సౌదీలో 937కి ఏ టైంలోనైనా ఫోన్ చేసి ఆరోగ్య సలహా అడగొచ్చు, సెహతీ యాప్‌లో కూడా డాక్టర్‌తో మాట్లాడొచ్చు. ఎన్ని గంటలకు గుచ్చుకుంది, లోపల బోలుగా ఉన్న సూదా, గ్లోవ్స్ ఉన్నాయా, టీకా ఎన్ని డోసులు పడ్డాయి అని అడుగుతారు, రాసిపెట్టుకొని ఫోన్ చేయండి. మన దేశపు ఈ-సంజీవని ఇంటి దగ్గరున్న మీ వాళ్లకు బాగా పనికొస్తుంది. 2020 నాటి మన టెలిమెడిసిన్ నిబంధనలు మాత్రం దేశం బయట ఉన్న రోగులకు వర్తించవు. కాబట్టి ఇక్కడి మందుల షాపులో అక్కడి చీటీ చెల్లుతుందని అనుకోవద్దు. ఏ దేశపు డాక్టరైనా ఫోన్‌లో ఇంజెక్షన్ వేయలేడు. ముందు ఎమర్జెన్సీకి వెళ్లండి. 28 రోజుల మాత్రలతో వాంతులైతే, రిపోర్టు అర్థం కాకపోతే, రాత్రి భయంతో నిద్ర పట్టకపోతే అప్పుడు ఫోన్ డాక్టర్ నిజంగా ఆదుకుంటాడు.

ఇళ్లల్లో షుగర్ రోగికి ఇన్సులిన్ ఇచ్చేవాళ్లు సూదికి మళ్లీ మూత పెట్టకండి, చాలాసార్లు అక్కడే గుచ్చుకుంటుంది. సూదుల డబ్బా లేకపోతే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి. గుచ్చుకున్నవాళ్లు అన్ని పరీక్షలు అయ్యేదాకా రక్తదానం చేయొద్దు. గర్భం ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఆరో నెల పరీక్ష తేదీ ఇవాళే ఫోన్‌లో అలారం పెట్టుకోండి.