ప్లేటు నుంచి డిస్కు దాకా: ఒక రొద, ఒక మరమ్మతు, కొంత చరిత్ర



ఈసారి ఛందస్సు గురించో, పెనుకొండ శాసనాల గురించో వ్రాస్తానని ఎదురుచూచిన వారు మన్నించాలి. నిరుటి వేసవిలో మా ఇంట ఒక రొద పుట్టినది. దాని మూలం వెదకబోయి నేను మరొక చరిత్రలో చిక్కుకొన్నాను. ఆ సంగతే ఈ టపా.

మా మనుమడు సెలవులకు హిందూపురం వస్తూ టీవీకి తగిలించి ఆడుకొనే వీడియో గేముల పెట్టె ఒకటి తెచ్చుకొన్నాడు. కొత్తది కాదు. బెంగళూరులో ఎవరో వాడి అమ్మినదానిని, డజను డిస్కులతో సహా, మా అల్లుడు కొనియిచ్చినాడు. మొదటి రోజు అది బుద్ధిగానే ఆడినది. వీధి పిల్లలు నలుగురూ చేరినారు. డిస్కులు వారి చేతుల్లో తారుమారు కాకుండా నేనే వాటిని వరుసగా సర్ది పెట్టినాను. బడి గ్రంథాలయం చూచుకొన్నవాడి చేతులు ఊరకుండవు కదా. రెండు రోజులకు పెట్టెలోనుంచి చప్పుడు మొదలైనది. మొదట తిరుగలి విసరినట్లు, తరువాత బేరింగు పోయిన ఫ్యాను తిరిగినట్లు. వంటింట్లోనుంచి మా ఇంటావిడ, "ఆ మిక్సీ ఎవరు వేసినారు?" అని కేకవేసినది. నాలుగవ రోజుకు ఒక డిస్కు మీద గుండ్రని గీత పడినది. ఆ ఆట ఇక తెరుచుకోలేదు. పిల్లవాడు ఏడవలేదు కాని అన్నం సరిగా తినలేదు.

రైలెక్కి బెంగళూరు వెళ్ళినాను. ఒక సేవాకేంద్రంలో చీటీ తీసుకొని రెండు గంటలు కూర్చున్న తరువాత, ఒక యువకుడు పెట్టెను తిప్పి చూచి, "ఈ మోడలు పాతది సార్, భాగాలు రావు, మరమ్మతు చేయము, కొత్తది తీసుకోండి" అన్నాడు. మూత విప్పలేదు, రొద వినలేదు. "మరి ఈ డిస్కులు?" అన్నాను. "కొత్త పెట్టెలో డిస్కు పెట్టే చోటే ఉండదు సార్" అన్నాడు. ఆ మాట నాకు ముల్లువలె గుచ్చుకొన్నది. నా బీరువాలోని పుస్తకాలు చదవడానికి ఇకపై కళ్ళద్దాలు దొరకవని ఎవరో చెప్పినట్లనిపించినది.

తిరుగు రైలులో పెనుకొండ కొండ కనబడదు, హిందూపురంలోనే దిగిపోతాము. అయినా మనస్సు అక్కడికే పోయినది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజ్యానికి రాజధాని అయిన ఊరది. నా బాల్యం అక్కడే గడచినది. మా పొరుగింట గ్రామఫోను ఉండేది. పద్యనాటకాల ప్లేట్లు వేసేవారు. రికార్డు అనే మాట మాకు తెలియదు, అది ప్లేటే. నల్లగా, బరువుగా, చెయ్యి జారితే పెంకులయ్యేది. అది లక్కతో చేసినదని తరువాత తెలిసినది. భారతంలో పాండవులను కాల్చజూచిన ఇంటికి వాడిన ద్రవ్యమే, ప్రపంచమంతటా పాటలకు ఇల్లయినది!

ఆ ప్లేటు చరిత్ర క్లుప్తంగా చెపుతాను. 1877లో ఎడిసన్ ధ్వనిని రేకు చుట్టిన గొట్టం మీద గీయించి తిరిగి పలికించినాడు. 1887లో ఎమిల్ బెర్లినర్ గొట్టానికి బదులు పళ్ళెం పెట్టినాడు. పళ్ళేన్ని అచ్చుగుద్ది వేల ప్రతులు తీయవచ్చును. అందువలన పళ్ళెమే గెలిచినది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు పళ్ళెం మీదికి ఎక్కినది. 1908 నాటికి ప్లేట్లను కలకత్తాలోనే అచ్చువేయసాగినారు.

గ్రామఫోనుకు విద్యుత్తు అక్కరలేదు. స్ప్రింగుకు కీ ఇస్తే నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం హెచ్చుతగ్గులు కాకుండా లోపల మూడు చిన్న గుండ్లు తిరుగుతూ కాపు కాస్తాయి. వాటికి చమురు ఆరితే గరగర. స్ప్రింగుకు పూసిన గ్రీజు గడ్డకడితే టకటక. మా పొరుగాయన గడియారాలు బాగుచేసే వాడిని పిలిపించేవాడు. అతడు మొదట చెవి ఆనించేవాడు, తరువాతనే మర విప్పేవాడు. "చప్పుడే సగం చెప్తాది" అనేవాడు. వైద్యుడు నాడి చూచినట్లు.

ధర్మవరంలో ఈ విద్య ఇంకా ప్రాచీనం. పట్టుచీర నేసే మగ్గం చప్పుడు వినని ధర్మవరపు వీధి ఉండేది కాదు. ధర్మవరం చేనేత పట్టుచీరలకూ పావడాలకూ 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని మిత్రులకు తెలుసును. ఆ చీర అంచు మీది హంసనో మామిడిపిందెనో నేయించేది మగ్గం పైనున్న జకార్డు పెట్టె. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మారీ జకార్డు రూపొందించిన యంత్రమది. చిల్లులు పొడిచిన అట్టలు దండగా గుచ్చి ఉంటాయి. ఒక్కొక్క అట్ట ముందుకు వచ్చినపుడు చిల్లి ఉన్నచోట సూది లోపలికి పోతుంది, లేనిచోట ఆగిపోతుంది. దానిని బట్టి కొన్ని పడుగు పోగులు లేస్తాయి, కొన్ని లేవవు. వాటి నడుమ నాడె పరుగెత్తి పేక వేస్తుంది. ఉన్నది, లేదు అనే రెండు మాటలతో హంస పుడుతుంది.

ఈ అట్టలే 1830ల్లో ఇంగ్లండులో బాబేజ్ తలపెట్టిన గణనయంత్రానికి స్ఫూర్తి. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల అట్టలతోనే తేల్చినాడు. గణకయంత్రాల వంశవృక్షంలో మన ధర్మవరపు మగ్గానికి దాయాదులు ఉన్నారన్నమాట. 1982లో ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి వెలువరించిన కాంపాక్ట్ డిస్కులో ఉన్నవీ ఒక విధంగా ఆ చిల్లులే. 12 సెంటీమీటర్ల పళ్ళెంలో కంటికి కనబడని గుంటలు. వాటిని చదివేది సూది కాదు, కాంతి. గ్రామఫోను ప్లేటు అంచునుంచి మధ్యకు చదువబడుతుంది, డిస్కు మధ్యనుంచి అంచుకు. సూది ప్లేటును తాకి అరగదీస్తుంది; కాంతి తాకదు. కనుక డిస్కు ఎన్నటికీ అరగదన్నారు.

కాంతి తాకదు, నిజమే. కాని పళ్ళేన్ని తిప్పేది మోటారు కదా! పాట వినడానికి సీడీ నిమిషానికి 500 చుట్లతో మొదలై 200 దాకా నెమ్మదిస్తే చాలును. ఆటకు అది చాలదు. ఊళ్ళు, కోటలు, సైన్యాలు అన్నీ క్షణంలో తెరమీదికి రావాలి. అందుకని వేగం పెంచినారు. 12 రెట్ల వేగంతో డీవీడీ తిరిగితే నిమిషానికి దాదాపు 7 వేల చుట్లు. అంత వేగంలో గాలిని కోసిన చప్పుడు కొంత తప్పదు. పళ్ళెం ఏమాత్రం తూగు తప్పినా పెట్టె అంతా వణుకుతుంది.

ఈ వేగం తెచ్చిన తగవులు ప్రపంచప్రసిద్ధాలు. 1994లో వచ్చిన తొలి ప్లేస్టేషన్ పెట్టెల్లో కాంతిని మోసే బండి అరిగి ఆట ఆగిపోతుంటే, జనం పెట్టెను తలక్రిందులు చేసి ఆడుకొన్నారు. 2005 నవంబరులో అమెరికాలోనూ, 2006లో మన దేశంలోనూ విడుదలయిన ఎక్స్‌బాక్స్ 360 రొద గురించి లోకమంతా మాట్లాడుకొన్నది. తిరుగుతూండగా పెట్టెను కదిలిస్తే డిస్కు మీద గుండ్రని గీత పడుతుందని అమెరికాలో దావాలు వేసినారు. అందులో ఒకటి అక్కడి సుప్రీంకోర్టు దాకా పోయినది. 2017 జూనులో కోర్టు సంస్థ పక్షానే తీర్పు చెప్పినది. కాని ఆ తీర్పు అప్పీలు చేసిన పద్ధతి గురించే, గీతల గురించి కాదు. ఇంత నడిచినా అసలు ప్రశ్న అక్కడే ఉండిపోయినది! 2008 నవంబరులో ఆ సంస్థ ఒక ఉపాయం చేసినది. ఆటను లోపలి హార్డుడిస్కులోనికి ఎక్కించుకొంటే డిస్కు ఆటసాగినంతసేపూ తిరగనక్కరలేదు. తన వద్ద డిస్కు ఉన్నదని చూపడానికి మాత్రం అది లోపల ఉండాలి. రొద తగ్గినది.

ఇందులో మన తెలుగువారి పాత్ర కూడా కొంత ఉన్నది. 2009లో ప్లేస్టేషన్ 2 కోసం హనుమంతుని బాల్యం మీద ఒక ఆటను హైదరాబాదులోని ఆరోనా సంస్థ తయారుచేసినది. హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ అదే ఏడాది 'దేశీ అడ్డా'లో కబడ్డీని, గిల్లీదండాను డిస్కుకెక్కించినది. మనం బిళ్ళంగోడు అని ఆడుకొన్నది అదే. ఆ డిస్కులు ఉన్న పిల్లలకు చదివే పెట్టె కూడా ఉండాలి కదా.

ఇక నా కథకు వస్తాను. చివరికి పెట్టెను చంకన పెట్టుకొని హిందూపురం బజారులో ఒక చిన్న దుకాణానికి పోయినాను. టీవీలు, మిక్సీలు, సెల్‌ఫోనులు బాగుచేసే ముప్పై ఏండ్ల యువకుడు. ఊరేదని అడిగితే ధర్మవరం అన్నాడు. తండ్రి మగ్గం నేసేవాడట, వీధిలో ఎవరి జకార్డు మొరాయించినా ఆయననే పిలిచేవారట. అతడు పెట్టెను బల్లమీద పెట్టి తగిలించమన్నాడు. కళ్ళు మూసుకొని విన్నాడు. "మోటారు కాదు సార్, ఏదో తూగు తప్పింది" అన్నాడు. డిస్కు బయటకు తీసి వెలుతురులో పట్టినాడు. నన్ను చూచి మెల్లగా అడిగినాడు:

"ఈ చీటీ ఎవురు సార్ అంటిచ్చింది?"

నా నోట మాట రాలేదు. చీటీలు అంటించినది నేనే. పన్నెండు డిస్కుల మీదా, ఒక ప్రక్కగా, బంకతో, గుండ్రని చేతివ్రాతతో, మనుమని పేరు, వరుస సంఖ్య. ముప్పై ఏండ్లు గ్రంథాలయంలో పుస్తకాలకు అంటించినట్లే. నిమిషానికి వేల చుట్లు తిరిగే పళ్ళేనికి ఒక ప్రక్క కాగితం బరువు ఎక్కువైతే అది ఊగదా? ఊగి ఊగి ఒక డిస్కును గీరినది.

అతడు నవ్వలేదు. "మీ తప్పు కాదు సార్, ఎవురూ చెప్పరు" అన్నాడు. చీటీలను తడిగుడ్డతో నెమ్మదిగా నానబెట్టి ఊడదీసినాడు. మూత విప్పి, గట్టిపడిన రబ్బరు మెత్తలు నాలుగూ మార్చినాడు. కాంతి అద్దాన్ని శుభ్రంగా తుడిచినాడు. డిస్కును గుండ్రంగా తుడవరాదనీ, మధ్యనుంచి అంచుకు నేరుగా తుడవాలనీ నాకు నేర్పినాడు. గుండ్రని గీత వరుసగా ఎన్నో గుంటలను కప్పివేస్తుంది. అడ్డంగా పడిన చిన్న గీతనైతే యంత్రం లెక్కకట్టి పూరించుకోగలదు. పాఠం చెప్పినవాడికి దక్షిణగా రెండువందలు ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు.

పెట్టె ఇప్పుడు సన్నగా గాలి వీచినట్లు తిరుగుతున్నది. గీతపడిన డిస్కు మాత్రం తిరిగి రాలేదు. దానిని నా పుస్తకాల బీరువాలో పెట్టుకొన్నాను.

మిత్రులారా, తప్పు నాదే. అయినా ఒక ప్రశ్న మిగిలినది. పెద్ద కేంద్రంలో ఆ చీటీ ఎందుకు కనబడలేదు? చూచేవారు లేక కాదు, చూచే పద్ధతి లేక. విప్పడం, వినడం వారి పనిలో లేదు. మార్చడం మాత్రమే ఉన్నది. కొన్ని పెట్టెల్లోనైతే డిస్కు తిప్పే భాగాన్ని లోపలి పలకతో రహస్యసంకేతంతో ముడివేసినారు. మరొక పెట్టెలోనుంచి తెచ్చి అమర్చితే పనిచేయదు. 2019 నుంచి డిస్కే లేని ఆటపెట్టెలు అమ్మకానికి వచ్చినాయి. రొద పోతుంది. దానితోపాటు ఒకరి ఆట మరొకరికి ఇచ్చుకొనే చనువు, పాతదానిని అమ్ముకొనే హక్కు కూడా పోతాయి.

మన కేంద్రప్రభుత్వపు వినియోగదారుల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు గురించి ఒక సంఘాన్ని వేసి, అదే ఏడాది డిసెంబరు 24న అంతర్జాలంలో ఒక ద్వారాన్ని తెరిచినది. వ్యవసాయ పనిముట్లు, ఫోనులు, గృహోపకరణాలు, వాహనాలు అందులోనికి వస్తాయి. మంచి ఆరంభమే. కాని కాగితం మీది హక్కు చెవికి వినికిడి నేర్పదు. అది పెనుకొండలో గడియారాల వాడి వద్దనుంచి, ధర్మవరంలో జకార్డు ఎరిగినవాని వద్దనుంచి, ప్రక్కన కూర్చొని నేర్చుకోవలసినదే. మగ్గాలు తగ్గినకొద్దీ ఆ చెవులూ తగ్గుతున్నాయి. ఒక చెవి హిందూపురం బజారులో మిగిలి ఉండడం నా అదృష్టం.

మీ ఊళ్ళో అటువంటి వారు ఉంటే వారి పని గురించి వ్రాయండి. రాజుల గురించి వ్రాయడానికి శాసనాలున్నాయి. వీరికి మనమే ఉన్నాము.

అన్నట్లు, మనుమడు మళ్ళీ వస్తున్నాడు. డిస్కుల డబ్బాల మీద చీటీలు అంటించినాను. డబ్బాల మీద మాత్రమే.

స్వస్తి.