బొమ్మ ట్రక్కు చెప్పిన రెండు వందల ఏళ్ల కథ

పుదుచ్చేరి పట్టణంలో మేముండే సారం ప్రాంతంలో, మా పక్కవాటాలో, యానాం నుంచి వచ్చి స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం ఉంది. వాళ్ళబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. ఒక ఆదివారం ఉదయం అతడు ఒక పాత అట్టపెట్టె పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "బాబాయ్ గారూ, దీన్ని కరెంటు బండిగా మార్చొచ్చంటారా?" అని అడిగాడు.

పెట్టెలో మూరెడు పొడవున్న బొమ్మ ట్రక్కు ఉంది. చిన్న ఒంటికి నాలుగు పెద్ద చక్రాలు. 'మాన్‌స్టర్ ట్రక్కు' అని పిలిచే రకం. దూరం నుంచి రేడియో తరంగాలతో నడపవచ్చు. మేనమామ విదేశం నుంచి తెచ్చి ఇచ్చాడట. లోపల ఉన్నది నిజమైన ఇంజను. దానికి కావలసిన 'నైట్రో' ఇంధనం మా ఊళ్ళో దొరకదు. అందుకే బండి కొన్నేళ్ళుగా అటకమీద పడి ఉంది.

"మార్చవచ్చు" అని ఒక్క మాటలో జవాబు చెప్పి పంపవచ్చు. కాని ఆ ఒక్క మాట వెనుక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అదేమిటో తెలుసుకుందాం.

నిప్పురవ్వ అక్కరలేని ఇంజను

ముందుగా ఆ చిన్న ఇంజను సంగతి చూద్దాం. దాని ఘనపరిమాణం రెండు, మూడు ఘన సెంటీమీటర్లు మాత్రమే. స్కూటరు ఇంజనులో ఉండే స్పార్కుప్లగ్గు ఇందులో ఉండదు. దాని బదులు ప్లాటినం కలిసిన సన్నని తీగచుట్ట ఉన్న 'గ్లోప్లగ్గు' ఉంటుంది. బయలుదేరేముందు ఒకటిన్నర వోల్టుల సెల్‌తో ఆ తీగను ఎర్రగా కాలుస్తారు. ఇంజను అందుకున్న తరువాత సెల్ తీసివేసినా తీగ చల్లారదు. ఇంధనంలోని మిథనాల్ ఆవిరి ప్లాటినం తలాన్ని తాకినప్పుడు జరిగే ఉత్ప్రేరక చర్య, సిలిండరులోని వేడి కలిసి దాన్ని రగులుతూనే ఉంచుతాయి. అమెరికాకు చెందిన రే ఆర్డెన్ 1947లో ఈ ప్లగ్గును ప్రచారంలోకి తెచ్చాడు. దానితో బరువైన ఇగ్నిషన్ కాయిలు, బ్యాటరీ అక్కరలేకుండా పోయాయి. నమూనా విమానాలవారికి అది పెద్ద వరమైంది.

మరి నైట్రో అంటే? మిథనాల్‌లో నైట్రోమీథేన్‌నూ, కందెన నూనెనూ కలిపిన మిశ్రమం. నైట్రోమీథేన్ అణువులోనే ఆక్సిజన్ ఉంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. మిథనాల్‌కు 6.4 కిలోలు చాలు. నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలే చాలు. ఇంజను ఒక్కసారి పీల్చే గాలి పరిమితం కదా! అదే గాలిలో ఎక్కువ ఇంధనాన్ని మండించగలిగితే ఎక్కువ శక్తి వస్తుంది. ఇదీ ఆ బుల్లి ఇంజను నిమిషానికి 30,000 చుట్లు తిరగడంలోని రహస్యం. 1999లో అమెరికాలోని ట్రాక్సస్ సంస్థ విడుదల చేసిన 'టి-మాక్స్' వంటి నైట్రో ట్రక్కులు ఈ బలంతోనే ప్రపంచమంతటా కుర్రకారును ఆకట్టుకున్నాయి.

మొదట పుట్టింది విద్యుత్ బొమ్మే

చాలామంది ఇంజను పాతదనీ, విద్యుత్ మోటారు కొత్తదనీ అనుకుంటారు. చరిత్ర చూస్తే సంగతి తిరగబడుతుంది.

1821లో మైకేల్ ఫారడే విద్యుత్ ప్రవాహంతో ఒక తీగను అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశాడు. 1832లో విలియం స్టర్జన్ కమ్యుటేటరు గల మోటారును తయారుచేశాడు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన థామస్ డావెన్‌పోర్ట్ అనే కమ్మరి 1830ల నడుమ గుండ్రని పట్టాలమీద ఒక చిన్న విద్యుత్ బండిని నడిపి చూపించాడు. 1837లో తన మోటారుకు పేటెంటు పొందాడు. అంటే పెట్రోలు కారుకు అర్ధశతాబ్దం ముందే విద్యుత్ బండి పుట్టింది. అదీ బొమ్మ రూపంలో!

రేడియో నియంత్రణ కథ కూడా ఇటువంటిదే. 1890ల నడుమ కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ తీగ లేకుండా, గోడల అవతల గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపించాడు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను దూరం నుంచే తిప్పి చూపాడు. ఈనాటి రేడియో బొమ్మలన్నింటికీ ఆ పడవ తాతగారు. ఆ పడవ నడిచింది బ్యాటరీతోనే.

1899లో గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొదటిసారి దాటిన కారు కూడా విద్యుత్ కారే. దాన్ని నడిపినవాడు బెల్జియం దేశీయుడు కమీల్ జెనాట్సీ. మరి అంత ముందున్న విద్యుత్ వాహనం ఎందుకు వెనుకబడింది? కారణం బ్యాటరీ. అది బరువైనది, త్వరగా ఖాళీ అయ్యేది. ఇక్కడ ఒక తమాషా కూడా ఉంది. పెట్రోలు కారును చేతి హాండిలుతో తిప్పి బయలుదేరదీయటం ఆ రోజుల్లో కష్టం, ప్రమాదం కూడా. 1912లో కాడిలాక్ కార్లలో వచ్చిన విద్యుత్ స్టార్టరు ఆ కష్టాన్ని తీర్చింది. విద్యుత్ కారును ఓడించటానికి పెట్రోలు కారుకు సాయం చేసింది ఒక విద్యుత్ మోటారే!

బ్రష్షు తెచ్చిన చిక్కు

పాత మోటారులో తీగచుట్టలు తిరుగుతాయి, అయస్కాంతాలు కదలవు. తిరిగే చుట్టకు కరెంటు అందించటానికీ, సరైన క్షణంలో దాని దిశ మార్చటానికీ కమ్యుటేటరు మీద కర్బన బ్రష్షులు ఒరుసుకుంటూ ఉండాలి. ఒరిపిడి వల్ల అవి అరిగిపోతాయి, వేడెక్కుతాయి, నిప్పురవ్వలు రాలుస్తాయి. చీకట్లో మిక్సీ వేసి, కింది గాలి రంధ్రాల్లోకి చూస్తే నీలిరంగు మెరుపులు కనిపిస్తాయి. అవి ఇవే.

బ్రష్షు లేకుండా మోటారు తిరగదా? తిరుగుతుంది. టెస్లా 1888లో పేటెంటు పొందిన ఇండక్షన్ మోటారుకు బ్రష్షులు లేవు. స్టేటరులోని చుట్టల్లో ప్రవాహం వరుసగా మారుతూ ఉంటే, తిరిగే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. రోటారు దాని వెంట పరుగెడుతుంది. కాని దానికి ఏకాంతర విద్యుత్తు కావాలి. బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. ఆ రెంటి మధ్య వంతెన వేయటానికి ట్రాన్సిస్టరు రావలసి వచ్చింది. 1962లో అమెరికాలో టి. జి. విల్సన్, పి. హెచ్. ట్రికీ అనే ఇంజనీర్లు కమ్యుటేటరు చేసే పనిని ఘనస్థితి స్విచ్చులకు అప్పగించే యంత్రాన్ని వివరించారు. బ్రష్‌లెస్ డి.సి. మోటారు కథ ఇక్కడ మొదలవుతుంది.

ఇందులో పాత అమరిక తలకిందులైంది. తీగచుట్టలు కదలకుండా ఉంటాయి, అయస్కాంతం తిరుగుతుంది. ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో ఎలక్ట్రానిక్ కంట్రోలరు నిర్ణయిస్తుంది. రోటారు ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది? కొన్నిటిలో హాల్ సెన్సర్లు చెబుతాయి. మరికొన్నిటిలో, ఆ క్షణాన కరెంటు లేని చుట్టలో పుట్టే ప్రేరిత వోల్టేజిని చూసి కంట్రోలరే గ్రహిస్తుంది. కరెంటు ఆదా చేసే కొత్త రకం సీలింగు ఫ్యాన్లలో ఉన్నది ఈ మోటారే.

ఒక్క మాట గమనించండి. రేడియో నియంత్రణ, తిరిగే అయస్కాంత క్షేత్రం అనే రెండు ఆలోచనలూ టెస్లావే. అవి రెండూ ఒక బొమ్మలో కలవటానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

తేలికైన బలం

ఆ ఆలస్యానికి కారణాలు రెండు. మొదటిది అయస్కాంతం. ఇనుము, నియోడిమియం, బోరాన్ కలిసిన శక్తిమంతమైన అయస్కాంతాలను జపానులో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ వేర్వేరుగా రూపొందించారు. 1983లో ఇవి లోకానికి తెలిశాయి. వేలెడంత మోటారులో ఒక అశ్వశక్తికి పైగా ఇమడటానికి ఇవే మూలం.

రెండవది బ్యాటరీ. 1957లో ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ రేడియోతో నడిచే విద్యుత్ నమూనా విమానాన్ని ఎగురవేశాడు. 1976లో జపాను సంస్థ తమియా రేడియో విద్యుత్ కార్లను అమ్మసాగింది. కాని ఆ కాలపు నికెల్-కాడ్మియం సెల్స్‌తో ఆట కొద్ది నిమిషాల్లోనే ముగిసేది. 1991లో సోనీ సంస్థ లిథియం-అయాన్ సెల్స్‌ను మార్కెట్లోకి తెచ్చాక పరిస్థితి మారింది. ఆ సెల్‌కు పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో 2019లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

అయినా బ్యాటరీ ఇంధనాన్ని మించలేదు. కిలో మిథనాల్‌లో సుమారు 20 మెగాజౌళ్ల శక్తి ఉంటే, కిలో లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక మెగాజౌలు కూడా ఉండదు. కాని బుల్లి ఇంజను ఆ శక్తిలో అధికభాగాన్ని వేడిగా, పొగగా వదిలేస్తుంది. మంచి మోటారు తనకు అందినదానిలో నూటికి 80 పాళ్ళకు పైగా చక్రాలకు చేరుస్తుంది.

మా ట్రక్కు సంగతి

ఇక మా పని మొదలుపెట్టాం. ఇంజను, ఇంధనపు ట్యాంకు, పొగగొట్టం, కార్బ్యురెటరును తిప్పే సర్వో, క్లచ్చు అన్నీ ఊడదీశాం. మోటారు కూర్చోవటానికి లేత్ షాపులో అల్యూమినియం పలక కోయించాం. ట్యాంకు ఉన్న పక్క బ్యాటరీ పెట్టి బరువు సరిచూశాం. మోటారు పళ్ళచక్రానికీ, పెద్ద పళ్ళచక్రానికీ మధ్య కాగితం ముక్క ఉంచి, బిగించి, తరువాత లాగేశాం. పళ్ళ మధ్య ఉండవలసిన సందు అంతే.

సాయంత్రం ఖాళీ స్థలంలో బండి నిలబెట్టి ట్రిగ్గరు నొక్కాడు మావాడు. కరకరమని చప్పుడు వచ్చింది. బండి జానెడు దూరం కూడా కదలలేదు. విప్పి చూస్తే నైలాన్ చక్రం పళ్ళు సగం రాలిపోయి ఉన్నాయి. కుర్రవాడి ముఖం చిన్నబోయింది.

తప్పు మోటారుది కాదు, మాది. మోటారు మీద '3000 కెవి' అని ఉంది. కిలోవోల్టు అని పొరబడకండి. వోల్టుకు నిమిషానికి 3,000 చుట్లు అని అర్థం. నాలుగు సెల్స్ బ్యాటరీ ఇచ్చేది 14.8 వోల్టులు. గుణిస్తే 44,400 చుట్లు! ఆ గేర్లను తయారుచేసింది 30,000 చుట్ల ఇంజను కోసం. అంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉంది. ఇంజను నిలిచిన చోటి నుంచి బలం ఇవ్వలేదు. అది ముందు కొంత వేగం అందుకోవాలి, తరువాత క్లచ్చు జారుతూ జారుతూ చక్రాలను పట్టుకోవాలి. మోటారు అలా కాదు, సున్నా వేగం దగ్గరే పూర్తి బలంతో తిప్పుతుంది. మేము క్లచ్చు తీసేశాం, దాని పని ఎవరు చేయాలో ఆలోచించలేదు.

రెండవసారి 2000 కెవి మోటారు తెచ్చాం. 29,600 చుట్లు, అంటే పాత ఇంజనుకు సరిజోడు. ఉక్కు పళ్ళచక్రం వేశాం. బలాన్ని మెల్లగా అందించేలా కంట్రోలరును సరిచేశాం. ఈసారి బండి ఎర్రమట్టి లేపుకుంటూ పరుగెత్తింది.

మీలో ఎవరైనా ఈ పని చేయదలిస్తే ఒక హెచ్చరిక. మిథనాల్ విషం. దాన్ని ముట్టుకోవటం, ఆవిరి పీల్చటం ప్రమాదకరం. లిథియం పాలిమర్ బ్యాటరీ కూడా సాధుజంతువేమీ కాదు. ఒక్కొక్క సెల్ 4.2 వోల్టులు మించకూడదు, 3 వోల్టులకు దిగువకు పోకూడదు. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. చార్జింగులో పెట్టి నిద్రపోరాదు. పెద్దలు పక్కనుండగానే పని చేయండి.

బొమ్మ నుంచి రైలింజను దాకా

మా బొమ్మకు ఎదురైన ప్రశ్నే పెద్ద యంత్రాలకూ ఎదురవుతుంది. వారణాసిలోని రైలింజన్ల కర్మాగారం పాత డీజిల్ ఇంజన్లను విద్యుత్ ఇంజన్లుగా మార్చింది. రెండింటిని జతచేసిన ఆ 10,000 అశ్వశక్తుల ఇంజనును 2019 ఫిబ్రవరిలో ప్రారంభించారు. రోడ్డు వాహనాలను విద్యుత్ వాహనాలుగా మార్చటానికి కేంద్రప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చింది. 2020 నాటి తెలంగాణ విధానం మొదటి 5,000 ఆటోల మార్పిడికి ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 15,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. పాత ఆటో చట్రం, బ్రేకులు, గేర్లు కొత్త బలాన్ని తట్టుకుంటాయా అని పరీక్షించాకే అనుమతి ఇవ్వాలి. ఎందుకో మా నైలాన్ చక్రాన్ని అడిగితే చెబుతుంది! బొమ్మలో రాలినవి పళ్ళే. ఆటోలో అయితే మనుషుల ప్రాణాలు.

మరొక చిక్కు అయస్కాంతాలది. నియోడిమియం అయస్కాంతాల తయారీలో అత్యధికభాగం చైనాలో జరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం కొన్ని విరళ మృత్తిక మూలకాల ఎగుమతిపై ఆంక్షలు విధించగానే మన వాహన పరిశ్రమ కలవరపడింది. ఆ మూలకాలకు ఆధారమైన మోనజైటు ఖనిజం మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఉంది. విశాఖపట్నంలో ఐ.ఆర్.ఇ.ఎల్. సంస్థ సమేరియం-కోబాల్టు అయస్కాంతాల కర్మాగారాన్ని నెలకొల్పింది. 2023 మేలో జాతికి అంకితమైన దాని సామర్థ్యం ఏటా 3,000 కిలోలు. మన అవసరాల ముందు అది చిన్న అడుగే, కాని వేయవలసిన అడుగు. ఇసుక మన దగ్గరే ఉన్నా, అందులోంచి అయస్కాంతం తీసే విద్య కూడా మన చేతికి రావాలి.

రాలిన ఆ నైలాన్ చక్రం ఇప్పుడు మా కుర్రవాడి చదువుబల్ల మీద ఉంది. పారేయమంటే వినడు. "అది ఉంటేనే లెక్క గుర్తుంటుంది బాబాయ్ గారూ" అంటాడు. ఈ ఏడాది అతడు తన ప్రాజెక్టుకు ఎంచుకున్న విషయం ఆటోరిక్షాను విద్యుత్ బండిగా మార్చటం. పని మొదలుపెట్టక ముందే అతడు వేసుకున్న మొదటి ప్రశ్న ఇది: 'క్లచ్చు తీసేస్తే దాని పని ఎవరు చేస్తారు?'