పట్టడమే కాదు, వదలడమూ బ్రేకు పనే

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. కోట గురించో, గుడి గురించో వ్రాస్తానని అనుకొని ఉంటారు. నేను వ్రాస్తున్నది మోటారు బ్రేకుల చరిత్ర. కారణం మనవి చేస్తాను.

నేను 1974లో రవాణా శాఖలో ఎల్.డి.సి.గా చేరి, 2008లో పదవీ విరమణ చేశాను. ఆ 34 ఏళ్ళలో ఎన్ని ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు నా టేబులు మీదుగా వెళ్ళాయో లెక్క లేదు. ఇన్‌స్పెక్టరు గారు బండిని పరీక్షించి సంతకం చేస్తే, రిజిస్టరులో ఎక్కించడం నా వంతు. “బ్రేకులు: సరిగా ఉన్నవి” అని కొన్ని వేల సార్లు వ్రాసి ఉంటాను. ఆ బ్రేకు లోపల ఏముంటుందో మాత్రం 73వ ఏట గాని చూడలేదు.

2023 వేసవిలో మేమిద్దరం ఇంగ్లండులో ఉన్న మా పెద్దబ్బాయి దగ్గరకు వెళ్ళాము. వాడుండేది కావెంట్రీ నగరం. అక్కడ వాడొక పాత ఎం.జి.బి. స్పోర్ట్సు కారు కొన్నాడు. 1971 నాటిది. రెండే సీట్లు, పైన మడిచే గుడ్డ టాపు. ఏళ్ళ తరబడి ఒక షెడ్డులో కదలకుండా ఉన్న బండి. వచ్చే ఆదివారం నాన్న పక్కన కూర్చొని షికారు వెళ్ళాలని మా 13 ఏళ్ళ మనవడు రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

ముందుగా మా వాడు ఒక్కడే తీసుకెళ్ళి మూడు మైళ్ళు తిరిగి వచ్చాడు. బండి ఎడమవైపుకు లాగుతోందన్నాడు. మాడు వాసన వస్తోంది. ముందరి ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. జాకీ వేసి ఎత్తితే చక్రం చేత్తో తిరగలేదు.

“డిస్కు బ్రేకు కాలిపర్ పట్టేసింది నాన్నా. కాస్త నూనె కొట్టి వెనక్కి నెడితే వదులుతుంది. ఆదివారానికి ఇబ్బంది లేదు” అన్నాడు.

“ఒరేయ్, మరి దీనికి ఫిట్‌నెస్ ఎవరిస్తారు?” అని అడిగాను.

“నలభై ఏళ్ళు దాటిన కార్లకు 2018 నుంచి ఏటేటా పరీక్ష అక్కర్లేదు నాన్నా. బండి బాధ్యత ఓనరుదే.”

ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పరీక్షించేవాడు లేడు, సంతకం చేసేవాడు లేడు. పక్క సీట్లో కూర్చునేది మనవడు. మర్నాడు ఊళ్ళోని లైబ్రరీకి వెళ్ళి, మోటారు చరిత్ర పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను.

తెలిసిన సంగతులు ఇవి. ఆఫీసు జీపులకు, పాత అంబాసిడర్లకు ఉండేవి డ్రమ్ము బ్రేకులు. డోలు వంటి డ్రమ్ము లోపలి నుంచి రెండు షూలు తెరుచుకొని దానిని ఒరుసుకుంటాయి. ఎక్కువగా వాడితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. ఘాటు రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు అందకపోవడానికి అదొక కారణం. డిస్కు బ్రేకు అలా కాదు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళాన్ని రెండు ప్యాడ్లు అటూ ఇటూ పట్టుకుంటాయి. సైకిలు రిమ్మును బ్రేకు కట్టలు పట్టుకున్నట్టే. పళ్ళెం బయటికే ఉంటుంది గనుక గాలి తగిలి త్వరగా చల్లారుతుంది. ఆ ప్యాడ్లను నొక్కే పిస్టన్లు ఉండే ఇనుప పిడికిలి పేరే కాలిపర్.

ఈ ఆలోచన కొత్తది కాదు. బర్మింగ్‌హాంకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. అయితే ఆయన వాడిన రాగి ప్యాడ్లు కీచుమని అరిచేవి, త్వరగా అరిగిపోయేవి. ఆలోచన సరైనదే, తగిన సరుకు లేదు. తర్వాత హెర్బర్ట్ ఫ్రూడ్ బ్రేకులకు ఆస్‌బెస్టాస్ వాడి ఆ చిక్కు తీర్చాడు. అదే ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు హాని అని రుజువై, 1999లో బ్రిటన్ దానిని నిషేధించింది. అందుకే పాత బ్రేకుల దుమ్మును నోటితో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

కాలి బలాన్ని ద్రవం ద్వారా చక్రాలకు అందించే పద్ధతిని మాల్కం లాక్‌హీడ్ రూపొందించాడు. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ అది వచ్చింది. తొలి రోజుల్లో ఆ ద్రవం ఏమిటో తెలుసా? ఆముదంలో ఆల్కహాలు కలిపినది! ఆముదం రబ్బరును పాడు చేయదు. మా పాలమూరు పల్లెల్లో దీపంలో పోసి, పసిపిల్లల మాడుకు అద్దిన ఆముదానికి ఇంత చరిత్ర ఉందని చదివి, పక్కనున్న మా ఆవిడకు గట్టిగా చదివి వినిపించాను. లైబ్రరీలో వాళ్ళు అందరూ మావైపు చూశారు.

డిస్కు బ్రేకు విమానాలలో నిలదొక్కుకున్నాక కార్లలోకి వచ్చింది. డన్‌లప్, జాగ్వార్ కంపెనీలు కలిసి కృషి చేశాయి. 1952లో ఫ్రాన్సులోని రేమ్స్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ సి-టైపును నడిపి స్టిర్లింగ్ మాస్ గెలిచాడు. 1953లో ల మాన్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ అదే రకం కారులో గంటకు 105 మైళ్ళ పైచిలుకు సగటు వేగంతో గెలిచారు. ఆ పందెంలో సగటు వంద మైళ్ళు దాటడం అదే మొదలు. మిగతా వాళ్ళకంటే ఆలస్యంగా బ్రేకు వేసి కూడా మలుపు తిరగగలిగారు. నిలుస్తుందన్న ధైర్యం ఉంటేనే వేగం అన్నమాట. 1955లో సిట్రోయెన్ డి.ఎస్., 1956లో ట్రయంఫ్ టి.ఆర్.3, 1962లో మా వాడి ఎం.జి.బి. రకం, ఇలా ఆ బ్రేకులు మామూలు జనానికి అందాయి.

ఇంటికి వచ్చి ఇదంతా చెబితే మా వాడు నవ్వాడు గాని, కాలిపర్లు పూర్తిగా విప్పడానికి ఒప్పుకున్నాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని, ఏ భాగం ఎప్పుడు విప్పిందీ నోటుబుక్కులో వ్రాశాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!

ముందుగా కాలిపర్ మీది బ్లీడరు నిపిల్ వదులు చేసి చూశాడు. అప్పుడు చక్రం తిరిగితే తప్పు లోపల పూడుకుపోయిన రబ్బరు గొట్టానిది. తిరగకపోతే పిస్టన్‌ది. మాకు తిరగలేదు. పిస్టన్ చుట్టూ కాలిపర్ గాడిలో చదరపు అంచుల రబ్బరు రింగు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు అది కొద్దిగా మెలితిరిగి, వదిలినప్పుడు మళ్ళీ నిటారై పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. వెంట్రుకవాసి అంతే. ఆ వాసి లేకపోతే చక్రం వదలదు. పట్టడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యమని నాకు అప్పుడు తెలిసింది.

గాలి పంపుతో పిస్టన్ ఊడగొడితే తుపాకీ గుండులా వచ్చి వేళ్ళు చితుకుతాయట. అందుకని కదిలే పిస్టన్‌ను క్లాంపుతో బిగించి, బ్రేకు పెడలు నెమ్మదిగా నొక్కించాడు. నొక్కింది మనవడు. పట్టేసిన పిస్టన్ కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. పైన క్రోమియం పూత లేచి, తుప్పు గుంటలు పడి ఉంది. బ్రేకు ఆయిలు నల్లని కషాయంలా ఉంది.

కారణం ఆ ఆయిలే. ఇప్పటి మామూలు బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. అది మరిగితే ఆవిరి బుడగలు వచ్చి పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. ఆ తేమే లోపల తుప్పూ పట్టిస్తుంది. నూనె కొట్టి వెనక్కి నెట్టి ఉంటే, గుంటలు పడిన పిస్టన్ కొత్త రబ్బరును కూడా కోసేది. పైగా మామూలు మెషిన్ ఆయిలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు పిస్టన్లు, కొత్త రబ్బర్లు, గొట్టాలు, ప్యాడ్లు తెప్పించాడు. చెడింది ఎడమదే అయినా కుడిదీ విప్పమన్నాను. అందులోనూ ఒక పిస్టన్‌కు తుప్పు మొదలైంది. రెండూ సరిచేసి, పాత ఆయిలంతా తీసి కొత్తది పోసి, గాలి బుడగలు పోయేదాకా బ్లీడింగు చేశాడు. ఆ ఆదివారం షికారు లేదు. మనవడు ఆ పూటంతా మూతి ముడుచుకున్నాడు. పై ఆదివారం మా వాడు ఒక్కడే పది మైళ్ళు నడిపి తెచ్చాడు. ముందు చక్రాలు రెండూ సమానమైన వేడిలో ఉన్నాయి, జాకీ మీద తేలిగ్గా తిరిగాయి.

అప్పుడు నా నోటుబుక్కులో “బ్రేకులు: సరిగా ఉన్నవి” అని వ్రాసి, తేదీ వేసి సంతకం చేశాను. చూసి వ్రాసింది అదొక్కటే. మనవడు ఎక్కి కూర్చున్నాడు.

సభ్యులకు నా మనవి ఒక్కటే. 2020లో కరోనా వల్ల ఎన్నో బండ్లు కదలక నిలిచిపోయాయి. ఇప్పటికీ పిల్లలు విదేశాల్లో ఉంటే కారు గేటు లోపలే ఉండిపోతోంది. బ్రేకు ఆయిలు రెండేళ్ళకొకసారి మార్పించండి. చాలాకాలం ఆగిన బండిని చూపించకుండా రోడ్డెక్కించకండి. ఏ చక్రమైనా మిగతా వాటికంటే వేడిగా ఉంటే, బండి ఒక పక్కకు లాగితే, మంచి మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్ళండి. ఆయన విప్పినప్పుడు పక్కన నిలబడి చూడండి. సెలవు.