తరగతి గదిలో యంత్రం: తాళంచెవి ఎవరి దగ్గర?

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే రోడ్డు మీద కిరుమాంబాక్కం అనే ఊరు వస్తుంది. పుదుచ్చేరి ప్రాంతపు ప్రభుత్వ బడిపిల్లలు చాలాకాలం తమిళనాడు పాఠ్యప్రణాళికనే చదివారు. అదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాంలో ఆంధ్రప్రదేశ్ పాఠాలు, మాహేలో కేరళ పాఠాలు నడిచాయి. సొంత పరీక్షల బోర్డు లేకపోవడమే ఇందుకు కారణం. తర్వాత ఈ బడులు దశలవారీగా సి.బి.ఎస్.ఇ.కి మారాయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ప్రభుత్వ బడిలో ఏ పుస్తకం చెప్పాలో, ఎన్ని గంటలు చెప్పాలో, ఏ యంత్రం ముందు పెట్టుకుని చెప్పాలో పంతులుగారు నిర్ణయించరు. పైనుంచి ఉత్తర్వు వస్తుంది. ఉత్తర్వు వెంట వచ్చిన యంత్రాల కథను ఒకసారి ఆయన బల్ల వైపు నుంచి చూద్దాం.

ఆకాశం నుంచి పాఠం

1975 ఆగస్టు 1న మన దేశంలో ‘సైట్’ అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెలను ఇందుకు ఎంచుకున్నారు. మన రాష్ట్రంలో మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు వంటి జిల్లాల పల్లెలకు ఆ అవకాశం దక్కింది. హైదరాబాదులో టీవీ కేంద్రం 1977లో గాని రాలేదని గుర్తుంచుకోండి. అంటే పట్నం కన్నా ముందు పల్లె టీవీ చూసిందన్నమాట!

ఇది ఎలా సాధ్యమైంది? మామూలు టీవీ తరంగాలు దాదాపు సరళరేఖలోనే ప్రయాణిస్తాయి. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల కొంతదూరం పోయాక అవి అందవు. అమెరికాకు చెందిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండి, భూమితోపాటే తిరుగుతూ మనకు కదలనట్టే కనిపించేది. దాని యాంటెనా వ్యాసం 9 మీటర్లు. అంత పెద్ద యాంటెనా సంకేతాన్ని చెదరనీయక ఒక ప్రాంతం మీదికే గురిపెట్టేది. కాబట్టి పల్లెలో కోళ్లగూటికి వాడే తీగవలతో చేసిన 3 మీటర్ల గొడుగు సరిపోయింది. ఒకే బొమ్మకు రెండు ధ్వనిమార్గాలు ఉండేవి. దాంతో ఒకే దృశ్యానికి రెండు భాషల్లో మాట పంపే వీలుండేది.

ఉదయం 5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఒక్కో భాషలో ఇరవై రెండున్నర నిమిషాల కార్యక్రమం వచ్చేది. ఇక్కడ పంతులుగారి ఇబ్బంది చూడండి. అయిదేళ్ల పిల్లకూ, పన్నెండేళ్ల పిల్లవాడికీ ఒకటే పాఠం. అర్థం కాలేదంటే ఆపడానికి లేదు, వెనక్కి తిప్పడానికి లేదు, తెర మీది మనిషిని అడగడానికి అసలే లేదు. తెర ఆరిపోయాక మిగిలిన ప్రశ్నలన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. నిర్వాహకులు ఈ విషయం గుర్తించారు. టీవీ, రేడియో, చేసి చూసే పనులు కలిపి 12 రోజుల విజ్ఞానశాస్త్ర శిక్షణను రెండు విడతల్లో దాదాపు 50 వేల మంది ఉపాధ్యాయులకు అందించారు. నా దృష్టిలో ఆ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. ఎందుకంటే 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది. ఉపగ్రహం అమెరికా వైపు మళ్లింది. పంతులుగారు మాత్రం బడిలోనే ఉన్నారు.

బీరువాలో గ్లోబు

1986 జాతీయ విద్యావిధానం తర్వాత 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధనా పరికరాలు ఉండాలన్నది దాని ఉద్దేశం. నేను చదివిన ఒక ప్రభుత్వ బడికీ గ్లోబు, భూతద్దం, అయస్కాంతాలు వచ్చాయి. అవి బీరువాలో ఉండేవి. బీరువాకు తాళం ఉండేది. ఏడాదిలో రెండుసార్లు బయటికి తీసేవారు, అదీ తనిఖీ అధికారి వచ్చినప్పుడు! అప్పట్లో మా పంతులుగారు పిసినారి అనుకున్నాను. స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టింది ఆయన. గ్లోబు పగిలితే సంజాయిషీ చెప్పుకోవలసిందీ ఆయనే. వాడకపోతే మాత్రం అడిగేవారు లేరు. అటువంటప్పుడు తాళం వేయడమే తెలివైన పని కాదా?

చట్టం ఏమంటుంది?

14 ఏళ్ల లోపు పిల్లలకు పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని రాజ్యాంగం 1950లో ఆదేశించింది. అది కోర్టులో నిలదీయగల హక్కు కాదు. ఆ మాటకు ప్రాణం పోసిన వ్యాజ్యం మన రాష్ట్రం పేరుతోనే నమోదైంది. 1993లో ఉన్నికృష్ణన్ – ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు 14 ఏళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కేనని తేల్చింది. విచిత్రమేమిటంటే ఆ వివాదం ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజు గురించి! 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఆ చట్టం ఉపాధ్యాయుడు వేళకు రావాలంటుంది, పాఠ్యప్రణాళిక గడువులోగా పూర్తిచేయాలంటుంది, ఒక్కొక్క పిల్లవాడి శక్తిని అంచనా వేసి అవసరమైతే అదనంగా చెప్పాలంటుంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులకు ఆయనను పంపరాదని కూడా అంటుంది. దాని షెడ్యూలులో గ్రంథాలయం ఉంది, ఆటవస్తువులున్నాయి, ‘అవసరం మేరకు’ బోధనా పరికరాలున్నాయి. కంప్యూటరు ప్రస్తావన లేదు.

దిశ మారిన యంత్రం

ఇప్పుడు యంత్రం దిశ మారింది. సైట్ టీవీ బడికి ఏదో ఇచ్చేది. కొత్త యంత్రం బడిని అడుగుతుంది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖగుర్తింపు హాజరు యాప్ వచ్చినప్పుడు సొంత ఫోన్లలో దాన్ని వేసుకోవడానికి ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. హాజరు వేయడం బోధనలో భాగమే కావచ్చు. కాని నెట్‌వర్కు కోసం వరండాలో నిలబడిన సమయం ఏ లెక్కలోకి వస్తుంది? పిల్లల సమాచారం విషయంలో 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసింది. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. ఆ గీత ఎక్కడుందో పంతులుగారికి ఎవరైనా విడమరచి చెప్పాలి కదా!

కాబట్టి పాఠకులారా, మీ ఊరి బడికి ఈసారి కొత్త యంత్రం వస్తే మూడు ప్రశ్నలు అడగండి. పాడైతే బాగుచేయించేది ఎవరు? పగిలితే సంజాయిషీ ఎవరిది? అది పాఠానికి నిమిషాలు కలుపుతుందా, పాఠంలోంచి తీసుకుంటుందా? వీటికి జవాబు లేకపోతే ఆ యంత్రం ఎంత ఖరీదైనదైనా, చివరికి దాని చోటు ఆ పాత బీరువాలో గ్లోబు పక్కనే.