ప్రిన్సెప్ సోదరుల కాగితాలు

కోల్‌కతా వెళ్ళినప్పుడు హుగ్లీ ఒడ్డున తెల్లని స్తంభాల ప్రిన్సెప్ ఘాట్‌ను మీరు చూసి ఉండవచ్చు. జేమ్స్ ప్రిన్సెప్ జ్ఞాపకార్థం 1840లలో కట్టిన రేవు అది. బ్రాహ్మీ లిపిని చదివినవాడుగా ఆయన పేరు మీ చరిత్ర పాఠంలో ఒక్క వాక్యంలో వచ్చిపోతుంది.

నిజానికి ఆయన నేర్చుకున్నది వాస్తుశిల్పం. కంటిచూపు దెబ్బతినడంతో దాన్ని వదిలి, నాణేల లోహాన్ని పరీక్షించే ఉద్యోగంలో 1819లో మన దేశానికి వచ్చాడు. కాశీలో మురుగునీటి సొరంగం తవ్వించాడు, కర్మనాశ నదిపై వంతెన కట్టించాడు. తమ్ముడు థామస్ సైనిక ఇంజనీరు. హుగ్లీని సుందరవనాల జలమార్గాలతో కలిపే కాలువ పనిలో ఉండగా, 1830లో గుర్రం మీది నుంచి పడి మరణించాడు. ఆ కాలువను పూర్తిచేసినవాడు జేమ్స్.

ఈ కుటుంబం రాసుకున్నవి చాలావరకు నిలిచాయి. మరో సోదరుడు విలియం జ్ఞాపకాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. నాణేల గురించి, శాసనాల గురించి జేమ్స్ రాసుకున్న ప్రతులు ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్నాయి.

లిపి ఎలా తెలిసింది? 1837లో సాంచీ స్తూపం కంచె మీది చిన్న చిన్న శాసనాల నకళ్ళను ఒకచోట పేర్చి చూశాడు. చాలావాటి చివర అవే రెండు అక్షరాలు! కంచె రాళ్ళు భక్తులిచ్చినవైతే, ఆ మాట 'దానం' కావాలి. ముందున్న అక్షరం 'ఫలానావారి' అని చెప్పే 'స' కావాలి. అక్కడి నుంచి మిగిలిన అక్షరాలు ఒక్కొక్కటే లొంగాయి. సంస్కృతం విషయంలో ఆయనకు కమలాకాంత విద్యాలంకార్ వంటి పండితుల సాయం ఉండేది.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. మెకంజీ కైఫీయతుల గురించి విన్నారు కదా? మెకంజీ కూడా ఇంజనీరే. ఆయన కోసం వాటిని సేకరించినవారిలో ముఖ్యులు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. 1803లో అన్న బొర్రయ్య చనిపోయాక పండిత బృందాన్ని నడిపినవాడు లక్ష్మయ్య. 1821లో కలకత్తాలో మెకంజీ మరణించాక ఆ సేకరణ ఆగిపోయింది. దాన్ని తిరిగి సాగిస్తానని లక్ష్మయ్య కోరితే, 1836లో ఆ కోరిక ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయానికి వచ్చింది. అప్పటి కార్యదర్శి ప్రిన్సెపే. విడివిడి ఆధారాల నుంచి పెద్ద అర్థం తీయగల మేధావి కావాలని, లక్ష్మయ్య యోగ్యత అందుకు చాలదని ఆయన తేల్చాడు. పండితుల మీద ఆధారపడిన మనిషే ఈ మాట అనడం నాకు మింగుడుపడదు.

ఆ రాతప్రతులను పరిశీలించే పని తర్వాత విలియం టేలర్ అనే మతాచార్యునికి దక్కింది. లక్ష్మయ్య బృందం సేకరించిన ప్రతులు అనేకం నేటికీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.